ఈ మధ్య ఏం చదివారు? చెన్నై తెలుగు పాఠకుల చర్చ

శారద (తిరువాన్మియూరు)

నందనం పుస్తక ప్రదర్శన ముగిసి చాలా రోజులైంది. అక్కడ కొన్నవి, ఎవరో చదవమని ఇచ్చినవి, ఏళ్ల తరబడి అటకమీద ఉండిపోయినవి, ఏవైనా సరే, ఈ మధ్య చదివిన పుస్తకాల గురించి ఇక్కడ రాద్దాం. కథంతా చెప్పనక్కరలేదు, మార్కులు వేయనక్కరలేదు. పుస్తకం మూసేశాక కూడా మిమ్మల్ని వదలనిది ఏమిటో రాస్తే చాలు. తమిళంలో చదివినా, ఇంగ్లీషులో చదివినా ఫరవాలేదు.

నాతో మొదలుపెడతాను. ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర' పూర్తి చేశాను. ఆయన మన ఊరివారే. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి భాష మరొకరికి చెప్పే ఉద్యోగిగా, పనిచేసేవారు. 1830 మే 18న తండయారుపేటలోని తన తోట నుంచి సుమారు వందమంది పరివారంతో బయల్దేరి, కాశీ చూసి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. మొదటి మజిలీ మాధవరం. ఈ రోజు మనం నెల్లూరు బస్సో తిరుపతి బస్సో ఎక్కడానికి వెళ్లే మాధవరమే! ఆ పేరు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అక్కడి నుంచి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ, గయ. తిరుగుదారిలో కలకత్తా, పూరీ, ఆ పైన తీరం వెంబడి మళ్లీ ఇంటికి.

ఇంత దారిలోనూ ఆయన చూపంతా ఒకచోటే ఉంటుంది. ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడి నీళ్లు మంచివి, ఏ ఏరు ఎలా దాటాలి, దిగడానికి ఎక్కడ వసతి ఉంది. పల్లకీ మోసే బోయీలకు తిండి దొరకకపోతే యాత్ర అక్కడితో ఆగిపోతుంది కదా. మధ్యమధ్య వేదాంత చర్చలూ చాలానే ఉన్నాయి. వాటిని గౌరవంగా చదివాను కానీ, నన్ను పట్టుకున్నవి ఆ అంగళ్లూ ఏర్లే. ఎప్పటికప్పుడు తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి రాసి పంపిన ఈ సంగతులను, వీరాస్వామయ్య గారు పోయాక, 1838లో ఆ మిత్రుడే అచ్చు వేయించారు. అలాంటి స్నేహితుడు దొరకడం కూడా ఒక అదృష్టమే.

నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మనుషులు ఏం తిన్నారు, ఎలా సంపాదించారు, నీళ్లెక్కడ తెచ్చుకున్నారు అన్నది రాసిన పుస్తకమే కాలానికి నిలుస్తుంది. ఒప్పుకోనివాళ్లు ఉంటే రండి, మాట్లాడుకుందాం.

అడయారు నది (వేళచ్చేరి)

శారద గారూ, నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మీరు నీళ్ల మాట ఎత్తారు కాబట్టి నా పుస్తకం కూడా అదే. అశోకమిత్రన్ గారి తమిళ నవల 'తణ్ణీర్'. పేరే నీళ్లు. 1970ల తొలి సంవత్సరాల మద్రాసు, నీటి ఎద్దడితో అల్లాడే ఒక వీధి. సినిమాల్లో వేషాల ఆశ చూపించిన మనిషి చేతిలో నలిగిపోయిన జమున, ఆమె చెల్లెలు ఛాయ, పక్కనే ఉండే టీచరమ్మ. పెద్ద సంఘటనలేవీ ఉండవు. బిందె పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, పంపు కొట్టడం, లారీ కోసం కాచుకోవడం, తవ్వి వదిలేసిన వీధిలో కాలు జారకుండా నడవడం. అంతే. అయినా చదువుతుంటే నోరు ఎండిపోయింది.

జమున బతుకు మీద విసిగిపోయిన సమయంలో టీచరమ్మ తన జీవితం చెబుతుంది. ఓదార్పు మాటలు ఒక్కటీ ఉండవు. చిన్న వయసులో పెళ్లి, జబ్బుమనిషి భర్త, అత్తగారు, ఉద్యోగం, అన్నీ జరిగినవి జరిగినట్టు చెప్పుకుపోతుంది. విన్న జమున లేచి మళ్లీ బిందె అందుకుంటుంది. ఆ భాగం నేను రెండుసార్లు చదివాను.

2019 వేసవి ఇక్కడ ఉన్నవాళ్లెవరూ మరచిపోరు. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ అడుగంటాయి. జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. మా అపార్టుమెంటులో ట్యాంకరు వచ్చే వేళను బట్టే అందరి స్నానాలూ వంటలూ. మా అమ్మ రాత్రి ఒంటిగంటకు లేచి డ్రమ్ములు నింపేది. దాదాపు యాభై ఏళ్ల కిందట రాసిన పుస్తకంలో మా అమ్మ కనిపించింది.

ఇంకొక మాట. మన కొళాయిలో వచ్చే నీళ్లలో కొంత కృష్ణ నీరు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదలడానికి ఒప్పుకుంటే, శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా 1996లో మొదటిసారి పూండి చేరింది. దీని మీద తెలుగులో ఒక నవల రావాలని నాకు ఎంతో కోరిక. కాలువ గట్టున కాపలా ఉన్నవాళ్లు, భూమి ఇచ్చినవాళ్లు, ఇక్కడ చివర్లో బిందె పట్టినవాళ్లు, అందరూ ఉండాలి అందులో.

పాత మూర్‌మార్కెట్ (పెరంబూరు)

పిల్లలూ, చర్చ బాగుంది. నేను రైలుపెట్టెల కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. 1985లో కాలిపోక ముందు మూర్ మార్కెట్‌లో కొన్న తెలుగు పుస్తకాలు కొన్ని ఇంకా నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిలోంచి కొడవటిగంటి కుటుంబరావు గారి 'చదువు' తీసి, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చదివాను.

సుందరం అనే పిల్లవాడి అక్షరాభ్యాసంతో మొదలవుతుంది. అక్కడి నుంచి వాడి బడులు, పంతుళ్లు, స్నేహాలు, పెళ్లి, కాలేజీ. చుట్టూ మొదటి ప్రపంచ యుద్ధం, స్వాతంత్ర్యోద్యమం, 1929 తర్వాతి ఆర్థిక మాంద్యం. ఉద్యోగంలో చేరిన కొత్తలో చదివినప్పుడు ఉద్యమం పేజీల కోసం వెతుక్కుంటూ చదివాను. ఇప్పుడు అమ్మ సీతమ్మ మీదే నా దృష్టంతా. కొడుకు చదువు గురించి ఆ తల్లి పడే ఆరాటం ఒక్కచోట కూడా గట్టిగా వినిపించదు. ధరలు పెరగడం, ఆదాయం తగ్గడం, పిల్లవాడి ఖర్చు ఎలా సర్దాలా అన్న లెక్క మాత్రం ఇంట్లో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. యుద్ధం ఎక్కడో యూరపులో జరుగుతుంది, దాని బరువు తెనాలి వైపు ఒక వంటింట్లో దిగుతుంది. కొ.కు. ఆ బంధాన్ని ఎంత తేలిగ్గా చూపిస్తారంటే, రచయిత అక్కడ ఉన్నాడన్న సంగతే మరచిపోతాం.

ఆయన 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా ఇక్కడే 'చందమామ'లో పనిచేశారు. పిల్లలకు ఒక్క వాక్యం కూడా అడ్డు తగలకుండా రాయడం రోజూ చేసిన మనిషి. 'చదువు' అంతకు ముందే వచ్చింది కానీ, ఆ తేటదనం అప్పటికే ఉంది. కొత్తగా రాస్తున్న పిల్లలు ఎవరైనా అడిగితే ముందు ఈ పుస్తకమే చేతిలో పెడతాను.

కాబట్టి శారదమ్మా, నీ మాటకే నా ఓటు.

వేకువ (అంబత్తూరు)

నాకు ఈ వరస నచ్చలేదండీ. అందరూ ఒకే తక్కెడలో పుస్తకాలు తూచేస్తున్నారు. బియ్యం ధర, నీళ్ల బిందె, బడి జీతం ఉంటేనే పుస్తకం నిలుస్తుందా?

నేను ఓల్గా గారి 'విముక్త' చదివాను. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన కథల సంపుటి. సీత శూర్పణఖను కలుస్తుంది, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. ఒక్కొక్కరూ తమకు జరిగిన అన్యాయాన్ని దాటి ఎక్కడికి చేరుకున్నారో సీతకు చెబుతారు. చివరి కథ రాముడిది. ఇందులో ఎవరి ఇంటి ఖర్చూ లేదు. మాటలే ఉన్నాయి, ఆలోచనలే ఉన్నాయి. అయినా ఈ ఏడాది నన్ను ఇంతగా కదిలించిన పుస్తకం మరొకటి లేదు.

మా ఇంట్లో ఒక పెళ్లి విడిపోయింది. ఎవరిదన్నది ఇక్కడ అవసరం లేదు. ఆ అమ్మాయి దగ్గరకు వచ్చినవాళ్లందరూ ఇక ఎలా బతుకుతావు, డబ్బు ఎలా, ఇల్లు ఎలా అని అడిగారు. అవన్నీ అవసరమైన ప్రశ్నలే, కాదనను. కానీ నువ్వు ఇప్పుడు ఎవరివి అని ఒక్కరూ అడగలేదు. ఈ కథల్లో ఆడవాళ్లు ఒకరినొకరు అడిగేది అదే. నేను ఆ పుస్తకం తీసుకెళ్లి తనకు ఇచ్చాను. తిరిగి అడగను కూడా.

శారద (తిరువాన్మియూరు)

వేకువ గారూ, మీరు ఇలా ఎదురు నిలవడం చర్చకు మేలు చేసింది. దీని గురించి ఇంకా ఆలోచిస్తాను. మిగిలినవాళ్లు కూడా రాయండి.

కరిసల్ నేల (తాంబరం)

నేను ఇక్కడ తరచుగా చదువుతాను, రాయడం మాత్రం ఇదే మొదలు. మాది కోవిల్‌పట్టి వైపు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదివాం. పెద్దయ్యాక ఇక్కడ ఉద్యోగంలో చేరాకే తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నాను.

ఈ మధ్య మళ్లీ చదివింది కి. రాజనారాయణన్ గారి 'గోపల్ల గ్రామం', 1976 నాటి తమిళ నవల. కి.రా. మా పక్క ఊరు ఇడైసెవల్‌వారే. 2021లో పుదుచ్చేరిలో పోయారు. తెలుగు కుటుంబాలు తమ నేల వదిలి, దక్షిణంగా నడిచి నడిచి, నల్లరేగడి మీద ఊరు కట్టుకున్న కథ ఇది. ఇంట్లో పిల్లను ఎత్తుకుపోవాలని పాలకుడు చూస్తే, చెప్పకుండా రాత్రికి రాత్రి ఇల్లూ వాకిలీ వదిలి బయల్దేరతారు. వెనక గుర్రాలు తరుముతుంటే ముందు ఏరు అడ్డం వస్తుంది. గట్టున ఉన్న కానుగ చెట్టు వంగి వాళ్లను అవతలికి చేరుస్తుంది. ఇదంతా చెప్పేది మంగత్తాయారు అనే పండు ముసలమ్మ. ఆమె వయసు వందా ముప్పై దాటిందంటారు!

కానుగ చెట్టు కథ మా అమ్మమ్మ కూడా చెప్పేది. పుస్తకంలో చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆ వంగిన చెట్టును నమ్మాలా వద్దా అని ఎప్పుడూ ఆలోచించలేదు. నడిచి వచ్చినవాళ్లు పిల్లలకు ఇవ్వగలిగింది ఆ కథ ఒక్కటే అయి ఉంటుంది.

ఇప్పుడు మీ తగవు సంగతి. ఈ నవలలో రెండూ ఉన్నాయి. అడవిని తగలబెట్టి, మొద్దులు పెకలించి, నేలను సాగుకు తేవడం ఎంత వివరంగా ఉంటుందంటే, చదివినవాడు రేపు ఒక ఊరు కట్టగలడు అనిపిస్తుంది. పశువులు, విత్తనాలు, మిడతల దండు వచ్చిన రోజు ఊరంతా చేసిన పోరాటం. దానితో పాటే మొదట్లో ఒక హత్య. దాహంతో చెరువులో దిగిన నిండు చూలాలిని, చెవుల నగల కోసం ఒకడు నీళ్లలో అదిమి చంపుతాడు. ఆమె వాడి కాలి బొటనవేలు పళ్లతో పట్టుకుంటుంది. ప్రాణం పోయినా ఆ పట్టు వదలదు. వాడు కదలలేక దొరికిపోతాడు. ఆ పళ్ల పట్టును తలచుకుంటే ఇప్పటికీ నా వేళ్లు ముడుచుకుంటాయి. దీన్ని బతుకు వివరం అనాలా, ఆలోచన అనాలా? నాకైతే విడదీయడం సాధ్యం కాలేదు.

మా నాన్నగారికి చూపు మందగించింది. ఆదివారాలు ఫోనులో నేను చదువుతాను, ఆయన వింటారు. మిడతల ఘట్టం దగ్గర ఆపమని, తన చిన్నప్పుడు పొలాల్లో డబ్బాలు కొట్టి పిట్టలను తోలిన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. అలాంటివి ఇంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు. దీని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్' కూడా ఉంది, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇక అది మొదలుపెడతాం.

గోడమీది మొక్క (చేపాక్కం)

కరిసల్ నేల గారూ, మీరు రాసింది చదివి వెంటనే మా ఇంటికి ఫోన్ చేశాను. మాది చిత్తూరు జిల్లా. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను.

నా పుస్తకం డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. ఆయన మా జిల్లావారే. నిజామాబాదు వైపు డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ నవలలు రాశారు. పందులు కాచుకునే ఒక ముసలివాడు, తప్పిపోయిన సూడిపంది, ఒక అడవి, ఒక రాత్రి, చుట్టూ నక్కలు. ఇంతే. చివర ఏమవుతుందో చెప్పను, చదవనివాళ్ల కోసం. ముసలివాడు చప్పుళ్లను బట్టి, వాసనను బట్టి, గాలి ఎటు వీస్తోందో చూసి అడవిని అర్థం చేసుకుంటాడు. నేను పుట్టి పెరిగిన చోట అలాంటి మనుషులు మా వీధి చివరే ఉండేవారు. వాళ్లకు ఇంత తెలివి ఉందని మాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. వాళ్లను మా బడిలో ఎలా చూసేవారో తలచుకుంటే ఇప్పుడు బాధగా ఉంది.

ఇంకొకటి, పూర్తిగా వేరే రకం. మాలతీ చందూర్ గారి 'పాత కెరటాలు'. ప్రపంచ నవలలను ఆవిడ 'స్వాతి' పత్రికలో పరిచయం చేసేవారు. వాటి సంపుటాల్లో ఒకటి మా మేడమ్ ఇచ్చారు. ఇంగ్లీషు నవల చూస్తేనే భయపడే నాకు, ఇంత పెద్ద కథను ఎవరో అత్తయ్య పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టు ఉంది. ఆవిడ నివసించింది కూడా ఈ ఊళ్లోనే. అందులో పరిచయం చేసిన నవలల్లో ఒకటి కన్నెమరా గ్రంథాలయంలో తీసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. నెమ్మదిగా నడుస్తోంది, ఆపను.

పాత మూర్‌మార్కెట్ (పెరంబూరు)

మొక్కా, కన్నెమరా సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎగ్మూరులో 1896 నుంచి ఉంది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకమూ ఒక ప్రతి చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. తెలుగు పుస్తకం దొరకదని ఇంట్లో కూర్చోకండి.

వేకువ గారూ, మీరు చెప్పారని 'విముక్త' తెప్పించి చదివాను. మీ మాటకు ఒక చిన్న సవరణ. శూర్పణఖ అవమానాన్ని దాటింది మాటలతో కాదు. తోట పెంచింది. ఆ పూల మధ్యే తనకు మళ్లీ అందం మీద నమ్మకం కుదిరింది. రేణుక ఇసుకతో కుండ చేస్తుంది. చేతిపని లేకుండా వాళ్లిద్దరూ లేరు. కాబట్టి శారదమ్మ మాట అక్కడా కొంత చెల్లుతుంది. పుస్తకం మాత్రం చాలా గొప్పది. ఈ వయసులో నాకు ఇచ్చినందుకు నమస్కారం.

వేకువ (అంబత్తూరు)

మాస్టారూ, మీరు తెప్పించుకుని చదివారంటే కళ్లు చెమర్చాయి. తోట సంగతి, కుండ సంగతి ఒప్పుకుంటాను. మరి ఊర్మిళ? పద్నాలుగేళ్లు ఒక గదిలో తలుపులు వేసుకుని తనతో తనే పోరాడింది. ఆమె చేతిలో ఏ పనీ లేదు. నాకు అందరిలోకీ ఊర్మిళే దగ్గరగా అనిపించింది. ఇక్కడ మాత్రం నేను తగ్గను.

శారద (తిరువాన్మియూరు)

తగ్గనక్కరలేదండీ. ఊర్మిళ కథ చదివాకే నేను జవాబు ఇస్తాను. అడయారు నది గారూ, అశోకమిత్రన్ సికిందరాబాదులో పుట్టారని విన్నాను. అక్కడి మీద కూడా ఆయన నవల ఉందా? మా అత్తగారిది ఆ ఊరే. ఆవిడకు తమిళం బాగా వచ్చు.

అడయారు నది (వేళచ్చేరి)

ఉందండీ. 1931లో పుట్టింది అక్కడే, ఇరవై ఏళ్లు దాటాక మద్రాసు వచ్చి జెమినీ స్టూడియోలో చేరారు. ఆ నవల 'పదినెట్టావదు అక్షక్కోడు'. 1948లో పోలీసు చర్యకు ముందూ వెనకా ఉన్న జంట నగరాలు, చంద్రశేఖరన్ అనే తమిళ కుర్రవాడి కళ్లతో. క్రికెట్ ఆట, సైకిలు, కాలేజీ, ఇరుగుపొరుగు ముస్లిం కుటుంబం, వీటి మధ్యలోకి చరిత్ర వచ్చి పడుతుంది. చివరి పేజీలు చాలా బరువైనవి, అత్తగారికి ముందే చెప్పండి. నా దగ్గర తమిళ ప్రతి ఉంది. శనివారం తిరువాన్మియూరు రైల్వే స్టేషను వైపు వస్తాను, ఇచ్చి వెళ్తాను. బదులుగా కాశీయాత్ర ఇస్తే, మాధవరం దాకా అయినా చదివి తిరిగి ఇస్తాను.